వండర్ ఉమన్ డ్రెస్సు, పుట్టుక కథ ఇన్నిసార్లు మారాయి కదా, ఇందులో అసలుది ఏది?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. పాత బొమ్మల్లో అమెరికన్ కామిక్స్ సూపర్‌హీరోయిన్ వండర్ ఉమన్ నక్షత్రాల చుక్కల స్కర్టులో ఉంది, తర్వాత నిక్కరు, మధ్యలో ఎక్కడో పూర్తిగా తెల్ల ప్యాంటూ చొక్కా, సినిమాకొచ్చేసరికి యుద్ధ కవచం. పుట్టుక సంగతీ అంతే. ఒక పుస్తకంలో తల్లి మట్టితో చేసుకున్న బొమ్మ, ఇంకోదాంట్లో గ్రీకు దేవతల రాజు జ్యూస్ కూతురు. వీటిలో ఏది అసలు, ఎందుకిలా మారుస్తూ పోతారు, మీ అమ్మాయికి ఏది కొనిపెట్టాలి.

ముందు సూటిగా చెప్పేస్తాను. కాలం ప్రకారం మొదటిది కావాలంటే చుక్కల స్కర్టు, మట్టి బొమ్మ. రెండూ 1941–42 నాటివి. ఆ తర్వాత వచ్చినవి ఏవీ దొంగవి కావు. ప్రచురించే డీసీ కంపెనీయే అధికారికంగా మార్చుకుంటూ వచ్చింది. అయితే డ్రెస్సు మార్పునూ పుట్టుక మార్పునూ ఒకే గాటన కట్టకూడదు. డ్రెస్సు మారినప్పుడల్లా గోల ఎక్కువ, ఆయుష్షు తక్కువ. రెండేళ్ళకో నాలుగేళ్ళకో మళ్ళీ ఆ ఎరుపు, నీలం, బంగారు రంగులకే వచ్చి చేరుతుంది. పుట్టుక మారితే పేపర్లలో అంత హడావిడి ఉండదు గానీ, మనిషే మారిపోతుంది. అందుకని ఏ సంచిక చేతికొచ్చినా బట్టలు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈమెకు ఈ బలం ఎవరిచ్చారు? ఆ జవాబు మారిందంటే కథ మారినట్టే.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్‌కు క్యారెక్టర్ డిజైన్ చేస్తాను, వారాంతాల్లో పిల్లలకు కామిక్స్ గీయడం నేర్పుతాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ ఏరుకోవడంతో పట్టుకున్న పిచ్చి ఇది. కాబట్టి కింద చెప్పేది గీసేవాళ్ళ వైపు నుంచి ఎక్కువ ఉంటుంది. మన్నించండి.

మొదటి డ్రెస్సు ఎలా కుదిరింది

పాత్రను పుట్టించినవాడు విలియం మౌల్టన్ మార్స్టన్ అనే సైకాలజిస్టు. అబద్ధాలు పట్టుకోవడానికి రక్తపోటు కొలిచే పద్ధతి మీద పనిచేసిన మనిషి. ఎప్పటికైనా లోకాన్ని ఆడవాళ్ళే ఏలుతారని బాహాటంగా చెప్పినవాడు. కామిక్స్‌కు చార్లెస్ మౌల్టన్ అని పేరు పెట్టుకున్నాడు. బొమ్మలు వేసిన హ్యారీ పీటర్ అప్పటికే అరవై దాటిన పెద్దాయన. అమెరికాలో ఆడవాళ్ళ ఓటుహక్కు పోరాటం నడిచే రోజుల్లో జడ్జ్ పత్రికకు దాని గురించి కార్టూన్లు వేసిన చెయ్యి. తొలి కథ ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో వచ్చింది. అది 1941 చివర్లో అమ్మకానికొచ్చింది. 1942 మొదట్లో సెన్సేషన్ కామిక్స్ మొదటి సంచికతో ఆమె అట్ట మీదికెక్కింది.

పీటర్ వేసిన తొలి స్కెచ్ ఒకటి ఇప్పటికీ ఉంది. దాని మీద ఇద్దరి చేతిరాతలూ ఉన్నాయి. నా క్లాసులో దాన్ని తప్పకుండా చూపిస్తాను. పీటర్ రాసింది: రెండు బొమ్మలు గబగబా వేసి పంపుతున్నాను, ఈ గద్దతో చచ్చే చావుగా ఉంది, మనిషి పక్కకు తిరిగితే సరిగ్గా కనబడదు, చెప్పులు స్టెనోగ్రాఫర్ వేసుకునేవాటిలా ఉన్నాయి, రోమన్ల తరహాలో ఏదైనా చేద్దామా అని. మార్స్టన్ ఎర్ర అక్షరాల్లో జవాబు: చెయ్యెత్తిన అమ్మాయి ముద్దుగా ఉంది, స్కర్టూ కాళ్ళూ జుట్టూ నచ్చాయి, కంకణాలూ బూట్లూ సరే, తలమీది పట్టీ ఇంకాస్త పైకి జరిపి కిరీటంలా చెయ్యి, నడుముకు ఎర్ర పట్టీ కావాలని గెయిన్స్ అన్నట్టున్నాడు, గుర్తు లేదు. గెయిన్స్ అంటే ప్రచురణకర్త.

చూశారా, స్త్రీశక్తి గురించి ఒక్క ముక్క లేదు. గద్ద పక్కనుంచి కనబడటం లేదన్నదే బాధ. డ్రెస్సులు ఎక్కువగా ఇలాగే తయారవుతాయి. అర్థాలు తర్వాత మనం వెతుక్కుంటాం.

పీటర్ బాధ ఉత్తిది కాదు, కావాలంటే మీరే గీసి చూడండి. రెక్కలు చాపిన గద్దను ఛాతీ మీద ఎదురుగా గీయండి, బాగానే వస్తుంది. ఇప్పుడు మనిషిని సగం పక్కకు తిప్పండి. ఒక రెక్క చంక కిందికి దూరిపోతుంది, రెండోది పొట్టిగా ముడుచుకుపోతుంది, తల ఎటు చూస్తోందో తెలీదు. అదే బొమ్మను అగ్గిపెట్టెంత ప్యానెల్‌లో వేసి, ఆ రోజుల న్యూస్‌ప్రింట్ మీద చుక్కచుక్కల రంగుల్లో అచ్చేయండి. గద్ద పోయి పసుపు మరక మిగులుతుంది. స్కర్టుదీ అదే తంతు. గుడ్డ గాలికి ఎగిరిన ప్రతిసారీ మడతలు మారాలి, మడతలతో పాటు తెల్ల చుక్కలూ వంగాలి. పేజీకి ఆరేడు ప్యానెళ్ళు, నెలనెలా డెడ్‌లైను. ఆ స్కర్టు చాలా త్వరగా బిగుతు నిక్కరుగా మారిపోయిందంటే అందులో ఫ్యాషన్ కన్నా ఇంకింగ్ చేసేవాడి, అంటే పెన్సిల్ గీతల మీద సిరా దిద్దేవాడి, వేళ్ళ నొప్పే ఎక్కువని నా అనుమానం. తర్వాత్తర్వాత నిక్కరు ఇంకా ఇంకా పొట్టిదైంది. దానికి మాత్రం వేళ్ళ నొప్పి కారణం కాదు, అది అందరికీ తెలిసిందే.

మట్టి బొమ్మ కథ

వండర్ ఉమన్ అసలు పేరు డయానా. ఆల్ స్టార్‌లో ఆమె అమెజాన్‌ల, అంటే గ్రీకు పురాణాల్లోని ఆడ యోధుల, రాణి హిపోలిటా కూతురు, అంతవరకే. తండ్రి ఊసు ఉండదు, మట్టి ఊసూ ఉండదు. 1942 వేసవిలో ఆమె పేరుతోనే సొంత పత్రిక మొదలైనప్పుడు అసలు కథ చెప్పారు. హెర్క్యులీస్ మోసం చేసి అమెజాన్ స్త్రీలను గొలుసులతో బంధిస్తాడు. ఆఫ్రొడైటీ దేవత విడిపిస్తుంది. ఇంకెప్పుడూ మగవాళ్ళకు లొంగమని గుర్తుగా ఆ సంకెళ్ళే కంకణాలుగా వాళ్ళ చేతులకు మిగులుతాయి. మగాళ్ళ కాలు పడని ద్వీపం మీద హిపోలిటా మట్టితో పాపను చేసుకుంటుంది, దేవత ప్రాణం పోస్తుంది.

మనకు ఇది కొత్తగా అనిపించదు. పార్వతి నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసుకున్న కథ వినాయక చవితి నాడు ఏటా వింటూనే ఉన్నాం. తండ్రి ప్రమేయం లేకుండా తల్లి తనకోసం తాను చేసుకున్న బిడ్డ. మన కథలో తండ్రి ఆలస్యంగా ఇంటికొచ్చి తల తీసేస్తాడు. ఈ కథలో తండ్రి దాదాపు డెబ్బై ఏళ్ళు ఆలస్యంగా వచ్చి ఏకంగా పుట్టుకనే తీసేశాడు. ఆ సంగతి కిందికి వెళ్ళాక.

మరి బలం ఎక్కడిది? మార్స్టన్ కథల్లో ప్రధానంగా సాధన. ద్వీపం మీద నేర్పే శిక్షణ, మనసు మీద అదుపు. ఎవరైనా మగవాడు ఆమె కంకణాలను కలిపి గొలుసు వేస్తే బలం పోతుంది. ఏ ఆడపిల్లకైనా ఆ శిక్షణ ఇస్తే అలాగే అవుతుందన్నది ఆయన వాదం. కంకణాల వెనక ఇంటి సంగతి కూడా ఒకటుంది. మార్స్టన్, ఆయన భార్య ఎలిజబెత్, వాళ్ళతోపాటే ఉన్న ఆలివ్ బర్న్, ముగ్గురూ ఒకే కుటుంబంగా బతికారు. ఆలివ్ చేతులకు వెడల్పాటి కడియాలు వేసుకునేది. కుటుంబ నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్ ఈ ఆలివ్‌కు స్వయానా పెద్దమ్మ.

అమ్మాయికి కొంటున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. మార్స్టన్ కథల్లో కట్టేయడాలూ గొలుసులూ పేజీ పేజీకీ ఉంటాయి. అప్పట్లోనే పత్రిక సలహా మండలిలో ఉన్న జోసెట్ ఫ్రాంక్ దీని మీద గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆయన వినలేదు.

1959: అదే డ్రెస్సు, వేరే మనిషి

1947లో మార్స్టన్ పోయాడు. రాసే పని రాబర్ట్ కానిగర్ చేతికొచ్చింది. పీటర్ ఉన్నంతకాలం బొమ్మలు ఆయనే వేశాడు. బూట్లు పోయి కాలిపిక్కల దాకా తాళ్ళు చుట్టిన చెప్పులు వచ్చాయి (ఇవి బూట్లకన్నా గీయడం కష్టం, ఎందుకు ఒప్పుకున్నాడో పెద్దాయన). 1958లో బొమ్మలకు రాస్ ఆండ్రూ, మైక్ ఎస్పొజిటో జంట వచ్చింది. 1959లో 105వ సంచికలో కానిగర్ పుట్టుక కథను కొత్తగా చెప్పాడు.

ఇందులో మట్టి మాట లేదు. డయానా పసిపాపగా ఉయ్యాల్లో ఉండగా దేవతలు వచ్చి వరాలిస్తారు. ఆఫ్రొడైటీ అందం, ఎథీనా తెలివి, మెర్క్యురీ వేగం, హెర్క్యులీస్ బలం. ద్వీపంలో మగవాళ్ళు లేకపోవడానికి కారణమూ మారిపోయింది. వాళ్ళు యుద్ధాల్లో చచ్చిపోయారట. మార్స్టన్ కథలో అమెజాన్‌లను గొలుసులతో కట్టేసిన హెర్క్యులీసే ఇక్కడ బలం దానం చేసే మేనమామలా తయారయ్యాడు! డ్రెస్సు చూస్తే పెద్ద తేడా లేదు. సాధనతో ఎదిగిన ఆడది మాత్రం వరాలతో పుట్టిన రాకుమారి అయిపోయింది. నేను మొదట్లో చెప్పింది ఇదే. దీని గురించి అప్పట్లో గగ్గోలు పుట్టిన జాడ నాకైతే ఎక్కడా కనబడలేదు.

1968: తెల్ల ప్యాంటు

మీరు చూసిన తెల్ల బట్టలు ఇక్కడివి. అమ్మకాలు పడిపోతున్నాయి. డెన్నీ ఓనీల్, మైక్ సెకౌస్కీ కలిసి 178వ సంచిక నుంచి మొత్తం తిరగేశారు. అమెజాన్‌లు తమ మహిమను తిరిగి కూడగట్టుకోవడానికి వేరే లోకానికి వెళ్ళిపోతారు. డయానా వెళ్ళదు, ప్రియుడు స్టీవ్ ట్రెవర్ కోసం ఇక్కడే ఉండిపోతుంది. శక్తులూ డ్రెస్సూ ఆయుధాలూ వదిలేస్తుంది. తీరా చూస్తే 180వ సంచికలో ఆ స్టీవ్‌నే చంపేశారు. ఆమె బట్టల దుకాణం పెట్టుకుని, ఐ చింగ్ అనే అంధుడైన గురువు దగ్గర కరాటే లాంటి విద్యలు నేర్చుకుంటుంది.

డిజైనర్‌గా చెప్పాలంటే ఆ పేజీలు అద్భుతం. అప్పటి లండన్ ఫ్యాషన్ గాలి కొడుతుంది. తెల్ల రంగు కాగితం మీద ఎక్కడున్నా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మార్స్టన్ లెక్కన చూసినా పెద్ద తప్పు లేదు. దేవుళ్ళ వరాలు పోయి మళ్ళీ సాధనే మిగిలింది కదా. చదువుతుంటే నాకు కానిగర్ రాకుమారి కన్నా ఈమే నచ్చుతుంది.

స్త్రీవాదులకు మాత్రం నచ్చలేదు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. అమెరికాలో ఆడవాళ్ళ ఉద్యమం ఊపందుకుంటున్న సరిగ్గా ఆ సమయంలో, అందరికన్నా బలమైన ఆడదాని చేతిలోంచి బలం లాక్కుని బొటీక్ అప్పజెప్పారు. చిన్నప్పుడు ఈ కామిక్స్ చదివి పెరిగిన గ్లోరియా స్టైనెమ్ 1972 జులైలో తన మిజ్ పత్రికను మొదలుపెట్టినప్పుడు అట్ట మీద పాత డ్రెస్సుతో ఉన్న వండర్ ఉమన్‌ను నిలబెట్టింది, వండర్ ఉమన్‌ను అధ్యక్షురాలిని చెయ్యండి అన్న నినాదంతో. అదే ఏడాది శామ్యూల్ డెలానీ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత స్త్రీల సమస్యలపై వరుస కథలు రాద్దామని మొదలుపెట్టి రెండు సంచికలు రాశాడు, 202, 203. అక్కడితో ఆగిపోయింది. 1973 మొదట్లో 204వ సంచికతో కానిగర్ తిరిగొచ్చాడు, పాత డ్రెస్సూ వచ్చింది, శక్తులూ వచ్చాయి. తన కథకు కోత పడటానికి ఈ డ్రెస్సు గొడవే కారణమని డెలానీ తర్వాత చెప్పుకున్నాడు. ఆ లెక్కన ఉద్యమం గురించి నేరుగా రాయబోతున్న మనిషి ఉద్యమం గెలుపు వల్లే పక్కకు పోవాల్సి వచ్చింది.

అదే 204వ సంచికలో నూబియా అనే నల్లజాతి అమెజాన్ వస్తుంది. హిపోలిటా మట్టితో ఒక పాపను కాదు, ఇద్దరిని చేసిందనీ రెండో పాపను మార్స్ దేవుడు ఎత్తుకుపోయాడనీ కథ. మట్టి బొమ్మ కథలో ఉన్న సుఖం అదే, ఇంకో బొమ్మ చేసుకోవచ్చు.

టీవీ, తర్వాత రెండు డబ్ల్యూలు

1975 నుంచి 1979 వరకు లిండా కార్టర్ సీరియల్ నడిచింది. గిరగిరా తిరిగితే బట్టలు మారిపోవడం ఆ సీరియల్ పెట్టిన అలవాటు. దానితో ఆ డ్రెస్సు కామిక్స్ చదవనివాళ్ళకు కూడా కంటికి అలవాటైంది. ఇక మార్చడం మహా కష్టం.

1982లో ఛాతీ మీది గద్ద పోయి ఇప్పుడు మనం చూసే రెండు డబ్ల్యూల గుర్తు వచ్చింది. డీసీకి అప్పట్లో జెనెట్ కాన్ అనే మహిళ అధిపతి. గుర్తు వేసింది ఐ లవ్ న్యూయార్క్ లోగో గీసిన మిల్టన్ గ్లేజర్. కథలో దీనికి స్త్రీ సంక్షేమ సంస్థ కోరిందని కారణం చెప్పారు. వ్యాపార కారణం నా మాటల్లో చెబుతాను. రెక్కలు చాపిన గద్ద అమెరికాలో ఎవరి సొంతమూ కాదు, నాణెం మీద కూడా ఉంటుంది. రెండు డబ్ల్యూలయితే టీషర్టు మీద, టిఫిన్ డబ్బా మీద వేసుకుని ఇది మాదే అనొచ్చు. పీటర్ ఇబ్బంది కూడా తీరింది. పక్కకు తిప్పినా ఆ గీతలు గీతల్లాగే ఉంటాయి.

ఇక్కడ నా పనిలో చూసిన ఒక సంగతి. పిల్లల సీరియల్ ఒకదానికి కథానాయికను డిజైన్ చేశాం. మెడలో పొడుగాటి స్కార్ఫు. బొమ్మల కంపెనీ ప్లాస్టిక్ అచ్చులు పోయించేసిన తర్వాత ఆ స్కార్ఫు పొడవును వేలెడంత తగ్గించడానికి కూడా ఒప్పుకోలేదు, ఎందుకంటే అచ్చు ఖరీదు అలాంటిది. అదే పాప తల్లిదండ్రులు ఎవరు, ఏ ఊరు, ఎలా తప్పిపోయింది అన్నది మాత్రం ఈమెయిల్‌లో రెండుసార్లు మార్చేశారు, ఎవరూ కిక్కురుమనలేదు. పుట్టుక కథకు అచ్చు పోయనక్కర్లేదు. అందుకే అది సులువుగా మారుతుంది, మారాక అలాగే ఉండిపోతుంది.

1987: నాకు అన్నిటికన్నా నచ్చింది

1985–86లో డీసీ తన పాత్రల చరిత్ర మొత్తాన్ని ఒక పెద్ద కథతో తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టింది. వేర్వేరు పుస్తకాల్లో కథలు పొసగకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. 1987లో జార్జ్ పెరెజ్, గ్రెగ్ పాటర్ కలిసి కొత్త వండర్ ఉమన్ తెచ్చారు. ఎడిటర్ కారెన్ బెర్గర్.

పెరెజ్ మట్టిని వెనక్కి తెచ్చాడు, అయితే ఆ మట్టి కింద ఇంకో పొర పెట్టాడు. మగవాళ్ళ చేతుల్లో చచ్చిపోయిన ఆడవాళ్ళ ఆత్మలను దేవతలు దాచి ఉంచి అమెజాన్‌లుగా తిరిగి పుట్టిస్తారు. వాళ్ళలో అందరికన్నా ముందు చనిపోయిన ఆమె ఆదిమకాలంలో కడుపుతో ఉండగా హత్యకు గురవుతుంది. ఆమే హిపోలిటా. ద్వీపం మీద మట్టి పాపలో పోసిన ప్రాణం ఆనాడు పుట్టకుండా పోయిన ఆ బిడ్డదే. ఒక్క ఎత్తుతో కథ ఎంత బరువెక్కిందో చూడండి. మార్స్టన్ దగ్గర మట్టి బొమ్మ తల్లి ముచ్చట. పెరెజ్ దగ్గర అది తల్లికి తిరిగి దక్కిన బిడ్డ. వరాలు ఇక్కడా ఉన్నాయి, కానీ ఇచ్చేది ఎక్కువగా ఆడ దేవతలే. హెర్మిస్ ఒక్కడే మగ దేవుడు, వేగమూ ఎగిరే శక్తీ ఆయనిస్తాడు. హెర్క్యులీస్ మళ్ళీ తన అసలు పాత్రలోకి, అంటే దుర్మార్గుడిగా, వెళ్ళిపోయాడు.

డ్రెస్సు మీద ఎప్పటినుంచో ఉన్న ఒక చిక్కు ప్రశ్నకూ ఆయన దారి చూపించాడు. గ్రీకు ద్వీపం పిల్లకు అమెరికా జెండా రంగులేమిటి? మార్స్టన్ అయితే యుద్ధకాలం, ఆమె వెళ్ళేది అమెరికాకి, అంతే. పెరెజ్ కథలో డయానా ట్రెవర్ అనే అమెరికన్ పైలట్ ఆ ద్వీపం మీద కూలి, అమెజాన్‌ల పక్షాన పోరాడి చనిపోతుంది. స్టీవ్ ట్రెవర్ తల్లి ఆమె. ఆమె గుర్తుగానే ఆ రంగులు, ఆమె పేరే ఈ డయానాకు. స్టీవ్ ఇందులో ప్రియుడు కాదు, వయసులో చాలా పెద్దవాడు. చివరికి ఎట్టా క్యాండీ అనే ఇంకో పాత్రను పెళ్ళి చేసుకుంటాడు. డ్రెస్సు గీత కూడా మార్చకుండా దాని అర్థాన్ని మొత్తం మార్చడం అంటే ఇదీ.

తొంభైల గురించి రెండు ముక్కలు చాలు. 1994–95లో ఆర్టెమిస్ అనే అమెజాన్ పోటీలో గెలిచి కొంతకాలం వండర్ ఉమన్ అవుతుంది. డయానా నల్ల జాకెట్టు వేసుకుని తిరుగుతుంది. మైక్ డియొడాటో వేసిన నడుములు చూస్తే ఎముకలున్నాయా అని సందేహం వస్తుంది. పిల్లలకు వద్దు.

2010, 2011: ఒక ప్యాంటు, ఒక తండ్రి

ఈ రెండేళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పేది తేటతెల్లమవుతుంది.

2010లో 600వ సంచిక దగ్గర జిమ్ లీ కొత్త డ్రెస్సు వేశాడు. నల్ల ప్యాంటు, పైన నీలం జాకెట్టు. కామిక్స్ పేజీ దాటి వార్తాపత్రికలకెక్కింది. టీవీలో చర్చలు, ఆన్‌లైన్‌లో తిట్లు. ఏడాది తిరిగేసరికి ఆ వరుస ముగిసింది, ప్యాంటూ పోయింది. 2011లో డీసీ మళ్ళీ అన్నీ మొదటినుంచి మొదలుపెట్టినప్పుడు ముందుగా బయటకొచ్చిన ప్రచార చిత్రాల్లో ఆమెకు ప్యాంటు ఉంది, అచ్చయిన పుస్తకంలో మాయమైంది!

అదే 2011లో బ్రయాన్ అజరెల్లో రాసి క్లిఫ్ చియాంగ్ గీసిన కథ, మూడో సంచిక. మట్టి బొమ్మ అన్నది అబద్ధమని తేలుతుంది. హిపోలిటా జ్యూస్‌తో కలిసింది, డయానా వాళ్ళ బిడ్డ. జ్యూస్ భార్య హీరా కోపం నుంచి కాపాడటానికి మట్టి కథ అల్లారు. 2012లో వచ్చిన 7వ సంచిక ఇంకో అడుగు వేసింది. అమెజాన్‌లు సముద్రం మీద నావికులను వలలో వేసుకుని, తర్వాత చంపి, పుట్టిన మగపిల్లలను దేవుళ్ళ కమ్మరి హెఫెస్టస్‌కు ఇచ్చి ఆయుధాలు తెచ్చుకుంటారట.

కథగా అది బాగా కట్టిన కథ, చియాంగ్ గీతలంటే నాకు ప్రాణం. అయినా ఈ మార్పు నాకు మింగుడు పడదు. తండ్రి లేని పుట్టుక ఒక్కటే ఈ పాత్రను మిగతా సూపర్‌హీరోల నుంచి వేరు చేసేది. జ్యూస్ రక్తం ఎక్కించాక ఆమె ఇంకో దేవుడి బిడ్డ, అంతే. గ్రీకు పురాణాల్లో వాళ్ళకు కొదవా? బలం ఎవరిచ్చారంటే జవాబు నాన్న అయింది. మార్స్టన్ బతికుంటే కంకణాలు విరగ్గొట్టుకునేవాడు.

విశేషమేమిటంటే ప్యాంటు ఏడాదే ఉంది, జ్యూస్ ఏళ్ళ తరబడి ఉన్నాడు. 2017లో ప్యాటీ జెంకిన్స్ సినిమా ముందు మట్టి కథ చెప్పించి చివర్లో జ్యూస్ కూతురివని బయటపెట్టింది. అదే ఏడాది కామిక్స్‌లో ఆమెకు జేసన్ అనే కవల సోదరుడు కూడా కథలోకొచ్చాడు. ఈ పాత్రను సినిమాతోనే మొదటిసారి చూసినవాళ్ళకు, బహుశా మీ అమ్మాయికి కూడా, జ్యూసే ఆమె తండ్రి.

2016లో గ్రెగ్ రుకా రాసిన వరుసకు సినిమా కవచాన్ని పోలిన డ్రెస్సు వేశారు. నడుము కింద నీలం తోలు పట్టీల స్కర్టు, అంచుకు బంగారు రంగు. అంటే 1941 స్కర్టు డెబ్బై అయిదేళ్ళకు తిరిగొచ్చినట్టు. అదే సంవత్సరం అక్టోబరులో ఐక్యరాజ్యసమితి ఆమెను ఆడపిల్లల సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. అమెరికా జెండా రంగుల్లో, తొడలు కనబడే డ్రెస్సులో ఉన్న బొమ్మా మాకు ప్రతినిధి అని అక్కడి సిబ్బంది నుంచే నిరసన వచ్చింది. డిసెంబరుకల్లా ఆ ముచ్చట ముగిసింది. వాళ్ళు వేలెత్తి చూపినవాటిలో జెండా రంగులు మొదటినుంచీ ఉన్నవే. ఆ పొట్టితనం మాత్రం తర్వాతివాళ్ళు కత్తిరిస్తూ వచ్చింది. ఆ తేడా గొడవలో ఎవరికీ పట్టలేదు.

అన్నిట్లోనూ మారనివి ఏవైనా ఉన్నాయా?

మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతారు. దాదాపు ఎప్పుడూ వదలనివి కంకణాలు, తాడు, నుదుటి పట్టీ. తాడు కూడా పని మార్చుకుంది. మొదట్లో దానితో కట్టేస్తే చెప్పినట్టల్లా వినాల్సిందే, నిజం చెప్పించడం అందులో ఒక భాగం మాత్రమే. నిజం చెప్పించే తాడుగా స్థిరపడింది తర్వాత. క్లాసులో నేను ఆమె బొమ్మను నల్ల సిరాతో పూర్తిగా నింపేసి నీడలా చూపిస్తాను. ప్యాంటున్నా స్కర్టున్నా, చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టి తాడు నడుముకు వేలాడుతుంటే పిల్లలు ఠక్కున పేరు చెబుతారు. తెల్ల బట్టల కాలం నాటి బొమ్మను మాత్రం నీడగా మారిస్తే ఎవరూ చెప్పలేరు. 1968 డ్రెస్సు నిలవకపోవడానికి స్టైనెమ్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం అంటాను నేను.

ఏది కొనాలి

అమ్మాయికి పదీ పన్నెండేళ్ళ మధ్య అయితే షానన్, డీన్ హేల్ దంపతులు రాసిన డయానా: ప్రిన్సెస్ ఆఫ్ ది అమెజాన్స్ తో మొదలుపెట్టండి. 2020లో వచ్చింది. ద్వీపం మొత్తానికి తానొక్కతే చిన్నపిల్ల కావడంతో తోచక, డయానా తనకోసం మట్టితో ఒక నేస్తాన్ని చేసుకుంటుంది. పాత కథ తెలిసినవాళ్ళకు అందులో చమత్కారం తెలుస్తుంది, తెలియకపోయినా నష్టం లేదు. దాని తర్వాత రెనే డి లిజ్ రాసి గీసిన ది లెజెండ్ ఆఫ్ వండర్ ఉమన్. ఇదే పేరుతో 1986లో ట్రీనా రాబిన్స్ గీసిన నాలుగు సంచికల వేరే కథ ఒకటుంది, ఆర్డరు చేసేటప్పుడు రచయిత పేరు చూసుకోండి.

పెరెజ్ సంపుటాలు ఇంకో మూడు నాలుగేళ్ళు ఆగి ఇవ్వండి, మొదటి సంచికలోనే హత్య ఉంది. ఆలోగా మీరు చదివేయండి. అజరెల్లో వరుస పెద్దవాళ్ళకే, అది మీ అల్మారాలో పై అరలో పెట్టుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో విడి సంచికలు కొనేటట్టయితే అట్ట మీది డ్రెస్సు చూసి మోసపోకండి. ఒకే రకం డ్రెస్సుతో మూడు వేర్వేరు పుట్టుకల సంచికలు ఒకే కట్టలో దొరుకుతాయి. లోపలి పేజీల్లో సంవత్సరం వేసి ఉంటుంది. 1987కు ముందుదా, ఆ తర్వాతదా, 2011 దాటిందా చూసుకుంటే ఏ డయానా చేతికొచ్చిందో తెలిసిపోతుంది.